పాత ట్రక్కు నిలబెట్టుకోవాలా, కొత్తది కొనాలా: సొంతంగా నడుపుకునేవారికి లెక్కలు, మరమ్మతులు

అమెరికాలో సొంత సెమీ ట్రక్కుతో లోడ్లు వేసుకోవాలనుకునేవారు మొదట అడిగే ప్రశ్న, ఎన్నేళ్ల పాత ట్రక్కు వరకూ ఫరవాలేదు అన్నది. నా ఉద్దేశంలో అది రెండో ప్రశ్న. ఏడాదికి ఎన్ని మైళ్లు నడుపుతారు, ట్రక్కు పది రోజులు షాపులో నిలిచిపోతే ఇల్లు ఎలా గడుస్తుంది అన్న రెండు విషయాలు తేలాక గాని ట్రక్కు వయసు గురించి మాట్లాడి ప్రయోజనం లేదు. కొత్త ట్రక్కులో ఖర్చు నెలనెలా ఒకే మొత్తంగా, ముందే తెలిసిన తేదీకి వస్తుంది. పాత ట్రక్కులో అదే ఖర్చు చెప్పాపెట్టకుండా, ఒక్కసారిగా, తరచుగా ఇంటికి వెయ్యి మైళ్ల దూరంలో వస్తుంది. ఈ రెంటిలో దేన్ని మీరు తట్టుకోగలరన్నది మీ పొదుపును బట్టి ఉంటుంది. ఏది చౌక అన్నది మీ మైళ్లను బట్టి ఉంటుంది.

ముందుగా ఒక లెక్క

కింది అంకెలు ఉదాహరణకు తీసుకున్నవి మాత్రమే. వాటి స్థానంలో మీ అంకెలు వేసుకోండి. కొత్త ట్రాక్టర్ (సెమీ ట్రక్కులో ఇంజన్, క్యాబ్ ఉండే ముందు భాగం) ధర 1,70,000 డాలర్లు అనుకుందాం. భారీ ట్రక్కుల తొలి అమ్మకంపై 12 శాతం ఫెడరల్ ఎక్సైజ్ పన్ను ఉంటుంది కాబట్టి మరో 20,400 కలిసి మొత్తం 1,90,400 అవుతుంది. వాడిన ట్రక్కుకు ఈ పన్ను మళ్లీ పడదు. పాతదానికి మొదటి రోజే దొరికే లాభం ఇది. కొత్తదానికి 40,400 చేతి నుంచి కట్టి, మిగిలిన లక్షన్నర 9 శాతం వడ్డీకి ఐదేళ్ల అప్పుగా తీసుకుంటే నెలకు దాదాపు 3,114 డాలర్ల వాయిదా పడుతుంది. ఐదేళ్ల తర్వాత ట్రక్కు 60,000కు అమ్ముడుపోతుందనుకుంటే తరుగుదల ఏడాదికి 26,080, వడ్డీ సగటున ఏడాదికి 7,360, కలిపి సుమారు 33,400.

పాత ట్రక్కును 45,000కు నగదుపై కొని, ఐదేళ్ల తర్వాత 15,000కు అమ్మారనుకుందాం. తరుగుదల ఏడాదికి 6,000. మధ్యలో ఒకసారి ఇంజన్ పూర్తిగా విప్పి కట్టించడానికి 30,000 పక్కన పెడితే అది ఏడాదికి మరో 6,000. మొత్తం 12,000. అంటే బండి ఉన్నచోటి నుంచి కదలకపోయినా కొత్తది ఏడాదికి 21,400 డాలర్లు ఎక్కువ తింటుంది.

కదిలిన తర్వాత కథ మారుతుంది. పాతది గ్యాలన్‌కు 6 మైళ్లు, కొత్తది 7.5 మైళ్లు ఇస్తే లక్ష మైళ్లకు 3,333 గ్యాలన్ల తేడా వస్తుంది. డీజిల్ 4 డాలర్ల లెక్కన అది సుమారు 13,300. కొత్తదానికి డీజిల్‌లో 3 శాతం మేరకు డెఫ్ ద్రవం (పొగను శుద్ధి చేయడానికి వాడే యూరియా ద్రావణం) కూడా పోయాలి కాబట్టి ఆ ఖర్చు 1,600 తీసేస్తే 11,700 మిగులుతుంది. మరమ్మతులు, టైర్లు, నూనెలు కలిపి పాతదానికి మైలుకు 20 సెంట్లు, కొత్తదానికి 8 సెంట్లు అనుకుంటే మరో 12,000. పాతది ఏడాదికి పదిహేను రోజులు ఎక్కువ ఆగిపోయి, రోజుకు 500 డాలర్ల మిగులు పోగొడితే 7,500. ఇవన్నీ కలిపితే 31,200. లక్ష మైళ్లు నడిపేవారికి ఈ అంకెలతో కొత్తదే ఏడాదికి 9,800 మేలు. యాభై వేల మైళ్లు నడిపేవారికి ఆ 31,200 సగమవుతుంది గనుక పాతదే 5,800 మేలు. రెండూ సమానమయ్యే చోటు దాదాపు 69,000 మైళ్లు.

బ్రేకులు, గొట్టాలు, సెన్సర్లు, ఫిల్టర్ల వంటి పనులు స్వయంగా చేసుకోగలిగి మరమ్మతుల ఖర్చు 20 సెంట్ల నుంచి 14కు దిగితే ఆ సమాన స్థానం 85,000 మైళ్లకు జరుగుతుంది. అందుకే ఒకే ఊళ్లో, ఒకే పనిలో ఉన్న ఇద్దరు ఓనర్ ఆపరేటర్లు పూర్తిగా భిన్నమైన సలహాలు ఇచ్చినా ఇద్దరూ నిజమే చెబుతూ ఉండవచ్చు. దూర రాష్ట్రాలకు వారాల తరబడి తిరిగేవారికీ, ఇంటి చుట్టూ రెండు వందల మైళ్లలో పంట కాలానికి మాత్రమే పనిచేసేవారికీ ఒకే ట్రక్కు సరిపోదు.

ఈ లెక్కలో కనబడనిది ఒకటుంది. రేట్లు పడిపోయిన నెలలో కూడా 3,114 కట్టాల్సిందే. 2021, 2022 ప్రాంతంలో సరుకు రేట్లు ఆకాశంలో ఉన్నప్పుడు, వాడిన ట్రక్కులను సైతం విపరీతమైన ధరలకు కొన్నవారు ఆ తర్వాత రేట్లు జారేసరికి ట్రక్కు విలువ కంటే అప్పు ఎక్కువగా ఉన్న స్థితిలో చిక్కుకున్నారు. అప్పులేని పాత ట్రక్కును రేట్లు బాగాలేని నెలలో ఇంటిముందు నిలిపి ఉంచవచ్చు. వాహన నష్ట బీమా కూడా బండి విలువను బట్టే ఉంటుంది. అప్పిచ్చినవారు దాన్ని తప్పనిసరి చేస్తారు. లోడ్లు ఇచ్చే కంపెనీయే ట్రక్కును కూడా వాయిదాలపై ఇచ్చే లీజ్-పర్చేజ్ ఒప్పందాల జోలికి మాత్రం, కాగితాలను సొంత వకీలు చదివితే తప్ప వెళ్లవద్దని నా సలహా. వాయిదాలను మినహాయించుకునేదీ, మీకు పని ఇచ్చేదీ ఒకే చెయ్యి కావడం మంచిది కాదు.

ఇంజన్ ఏ ఏటిది

పాత ట్రక్కు అన్నది ఒకే జాతి కాదు. ట్రక్కు మోడల్ ఏడాది కంటే ఇంజన్ తయారైన ఏడాదే ముఖ్యం, ఎందుకంటే పొగ నియమాలు మారినప్పుడల్లా ఇంజన్ల స్వభావమే మారింది.

1990ల నాటి డెట్రాయిట్ సిరీస్ 60, కమ్మిన్స్ ఎన్14, క్యాటర్‌పిల్లర్ 3406ఈ వంటివి మొదటి తరగతి. వీటిలో పొగను తిరిగి ఇంజన్‌లోకి పంపే ఈజీఆర్ గాని, మసిని పట్టే డీపీఎఫ్ ఫిల్టర్ గాని లేవు. కొద్దిపాటి ఎలక్ట్రానిక్స్ ఉన్నా, డీజిల్ పని తెలిసిన మెకానిక్ ఎవరైనా విప్పి కట్టగలరు. పని గంటలను నమోదు చేసే ఈఎల్‌డీ పరికరం నియమం 2017 డిసెంబరు 18న అమల్లోకి వచ్చినప్పుడు, 2000కు ముందటి మోడల్ ఇంజన్లకు అందులో మినహాయింపు ఇచ్చారు. మినహాయింపు పరికరానికే గాని పని గంటల పరిమితికి కాదు; కాగితపు లాగ్ రాయాల్సిందే. వీటికున్న పెద్ద అడ్డంకి కాలిఫోర్నియా. 2023 జనవరి నుంచి అక్కడ దాదాపు అన్ని భారీ డీజిల్ ట్రక్కులకూ 2010 లేదా ఆ తర్వాతి ఇంజన్ ఉండాలి. మీ లోడ్లు ఆ రాష్ట్రపు రేవులకు వెళ్లేవైతే ఈ తరగతిని అక్కడితో మరచిపోవచ్చు.

2002 చివరి నుంచి 2006 వరకు వచ్చిన ఇంజన్లలో చాలావాటికి ఈజీఆర్ తోడైంది. ఈజీఆర్ కూలర్ లోపల చిల్లు పడితే కూలెంట్ (ఇంజన్ను చల్లబరిచే ద్రవం) బయట ఎక్కడా కారకుండానే తగ్గిపోతూ ఉంటుంది, తెల్లటి ఆవిరిగా పొగగొట్టంలో పోతుంది. క్యాటర్‌పిల్లర్ ఈజీఆర్‌కు బదులు రెండు టర్బోలతో వేరే దారి పట్టింది. రోడ్డు ట్రక్కుల ఇంజన్లను ఆ సంస్థ 2010 నాటికి మానేసినా వాటి అభిమానులు ఇంకా తగ్గలేదు.

నేను అందరికంటే ఎక్కువగా హెచ్చరించేది 2007 నుంచి 2009 వరకు తయారైన ఇంజన్ల గురించి. మసిని పట్టే ఫిల్టర్ తప్పనిసరైన తొలి ఏళ్లవి. నైట్రోజన్ ఆక్సైడ్లను తగ్గించే భారమంతా ఈజీఆర్ మీదే పడడంతో మసి ఎక్కువ పుట్టి, ఫిల్టర్ దాన్ని మాటిమాటికీ కాల్చుకోవలసి వచ్చేది. పాతదానికుండే సరళతా లేదు, కొత్తదానికుండే మైలేజీ లేదు. 2010 నియమాలతో డెఫ్ ద్రవంతో పొగను శుద్ధి చేసే ఎస్‌సీఆర్ వ్యవస్థ వచ్చాక ఇంజన్ కాస్త ఊపిరి పీల్చుకుంది గాని, మొదటి రెండు మూడేళ్ల బండ్లలో నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచే నాక్స్ సెన్సర్లు, డెఫ్ చిమ్మే డోసింగ్ పంపులు సతాయించాయి. నావిస్టార్ సంస్థ మాక్స్‌ఫోర్స్ ఇంజన్లను డెఫ్ లేకుండా ఈజీఆర్‌తోనే 2010 ప్రమాణానికి తీసుకురావాలని ప్రయత్నించి, 2012లో ఆ దారిని విడిచిపెట్టింది. ఆ సంస్థ ఇంటర్నేషనల్ పేరుతో అమ్మిన ఆ కాలపు ట్రక్కు ఆశ్చర్యపడేంత చౌకగా కనబడితే కారణం అదే కావచ్చు.

2014 తర్వాతివి చాలావరకు కుదురుకున్నాయి. పెద్ద ఫ్లీట్లు (వందల బండ్లు నడిపే కంపెనీలు) నాలుగైదేళ్లకు బండ్లు మార్చేటప్పుడు వచ్చే ట్రక్కులు, నాలుగైదు లక్షల మైళ్లు తిరిగి, పూర్తి సర్వీసు చరిత్రతో దొరికితే, మొదటిసారి కొనేవారికి మధ్యేమార్గంగా అవే మేలు. అయితే పొగ వ్యవస్థలోని ఖరీదైన భాగాలు అలసిపోయే వయసు కూడా సరిగ్గా అదేనని మరువకూడదు.

కొనేముందు

అమ్మేవారికి ముందే ఫోన్ చేసి ఇంజన్ స్టార్ట్ చేయవద్దని చెప్పండి. మీరు వెళ్లేసరికి ఇంజన్ వేడిగా ఉంటే మరో రోజు వస్తానని వెనక్కి తిరగండి. చల్లని ఇంజన్ చెప్పే నిజాలు వేడి ఇంజన్ దాచేస్తుంది. స్టార్ట్ అయిన మొదటి నిమిషంలో నీలం పొగ వస్తే నూనె కాలుతోంది, తీపి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తే కూలెంట్ సిలిండర్‌లోకి చేరుతోంది. వేడెక్కాక నూనె పోసే మూతను విప్పి తలకిందులుగా అదే రంధ్రంపై పెట్టండి: మూత ఎగిరిపడేంత గాలి తన్నుతుంటే పిస్టన్ రింగులు, లైనర్లు (పిస్టన్ కదిలే గొట్టాలు) అరిగాయి. ఇది మోటు పరీక్షే. బేరం దగ్గరపడితే షాపులో క్రాంక్‌కేస్ (పిస్టన్ల కింద ఉండే ఇంజన్ అడుగు భాగం) ఒత్తిడిని మీటరుతో కొలిపించాలి.

ఇంజన్ కంప్యూటర్ నివేదికను తప్పక తీయించండి. మొత్తం మైళ్లతో పాటు మొత్తం గంటలు, ఊరికే నిలబడి తిరిగిన గంటలు, సరాసరి మైలేజీ, పాత లోపాల కోడ్లు అందులో ఉంటాయి. రెండు ట్రక్కులు చెరో ఐదు లక్షల మైళ్లు తిరిగినా, ఒకటి రాత్రంతా ఏసీ కోసం ఇంజన్ నడిపి ఉంటే దాని ఇంజన్ వయసు మైళ్లు చూపినదానికంటే చాలా ఎక్కువ. డీపీఎఫ్ ఉన్న బండిలో పొగగొట్టం లోపల వేలుపెట్టి తుడవండి. వేలు దాదాపు శుభ్రంగా రావాలి. నల్లటి మసి అంటితే ఫిల్టర్ పగిలి ఉండాలి, లేదా ఎవరో తీసేసి ఉండాలి. పొగ వ్యవస్థను తీసేసిన బండి అమెరికా వాయు కాలుష్య చట్టమైన క్లీన్ ఎయిర్ యాక్ట్ ప్రకారం చట్టవిరుద్ధం; దాన్ని ఆ స్థితిలో ముట్టుకోవడానికి డీలర్లు సాధారణంగా ఒప్పుకోరు, తిరిగి అమర్చాలంటే ఖర్చు పదివేలు దాటిపోవచ్చు. బాగా లాగుతుందని, మైలేజీ ఇస్తుందని ఎవరు చెప్పినా ఆ బేరం వద్దు.

నూనె నమూనాను ప్రయోగశాలకు పంపడానికి అయ్యే కొద్ది డాలర్లకు అంతకు మించిన బీమా దొరకదు. నివేదికలో సోడియం, పొటాషియం కనబడితే కూలెంట్ నూనెలో కలుస్తోంది. సీసం, రాగి పెరిగితే బేరింగులు అరుగుతున్నాయి. సిలికాన్ ఎక్కువైతే గాలి ఫిల్టర్ దాటి ధూళి లోపలికి వెళుతోంది. నూనె నిన్ననే మార్చారని అమ్మేవారు చెబితే అది అభినందించాల్సిన విషయం కాదు, అనుమానించాల్సిన విషయం.

చివరగా కిందకి దూరి చాసిస్ చూడండి. ఉత్తరాది రాష్ట్రాల్లో శీతాకాలం రోడ్లపై చల్లే ఉప్పు, రెండు పొరల ఫ్రేమ్ రెయిళ్ల మధ్య చేరి తుప్పుగా ఉబ్బి రేకులను విడదీస్తుంది. ఇంజన్, గేరుబాక్సు, డిఫరెన్షియల్ ఏదైనా మార్చుకోవచ్చు. ఫ్రేమ్ పోతే బండి పోయినట్టే.

పాతదాన్ని పోషించడం

కొన్న రోజునే మూడో వంతు డబ్బు మిగుల్చుకుని ఉండాలి. 45,000 పెట్టగలిగినవారు 30,000 బండిని కొని 15,000 దాని మీదే ఖర్చు చేయడం, 45,000 బండిని కొని ఖాళీ చేతులతో రోడ్డెక్కడం కంటే తెలివైన పని. మొదటి నెలలోనే అన్ని నూనెలు, ఫిల్టర్లు, కూలెంట్, బెల్టులు, రబ్బరు గొట్టాలు, ఎయిర్ డ్రయర్ కార్ట్రిజ్ మార్చి, వాల్వులు సర్దించి, ఆ తేదీనీ మైళ్లనూ రాసుకోండి. నీళ్ల పంపు, ఆల్టర్నేటర్, స్టార్టర్ ఎప్పుడు వేసినవో రికార్డు లేకపోతే పాతవని భావించి మార్చేయడమే మంచిది. ఈ వస్తువుల ధర పెద్దది కాదు. అవి రాత్రి రెండు గంటలకు హైవే పక్కన చెడిపోతే పిలిపించే రోడ్డు సర్వీసు, టోయింగ్, పోయిన లోడు, వీటి ధరే పెద్దది.

కూలెంట్‌ను చాలామంది పట్టించుకోరు. భారీ డీజిల్ ఇంజన్ల సిలిండర్ లైనర్లు నేరుగా కూలెంట్‌లో మునిగి ఉంటాయి. పేలుడు అదురుకు లైనర్ కంపించినప్పుడు దాని వెలుపలి ముఖంపై చిన్న బుడగలు పుట్టి పగులుతూ, ఇనుమును సూది మొనలంత రంధ్రాలుగా తొలుస్తాయి. దాన్ని అడ్డుకునేది కూలెంట్‌లోని రసాయనమే. అది తరిగిందో లేదో చెప్పే పరీక్ష పట్టీలు విడిభాగాల షాపుల్లో దొరుకుతాయి. ఏడాదికి రెండుసార్లు ముంచి చూడడానికి ఐదు నిమిషాలు పడుతుంది. రకం తెలియకుండా వేరే రంగు కూలెంట్‌ను కలపవద్దు, రంగు ఒకటే అయినంత మాత్రాన రకం ఒకటి కాదు.

బ్రేకుల్లో గాలి చాంబర్ పుష్‌రాడ్ (బ్రేకును నెట్టే కడ్డీ) ఎంత బయటికి వస్తుందో నెలకొకసారి కొలవాలి. మామూలు టైప్ 30 చాంబర్‌కు గరిష్ఠం 2 అంగుళాలు. బ్రేకు అరిగేకొద్దీ తనంతట తానే సర్దుకునే ఆటోమేటిక్ స్లాక్ అడ్జస్టర్ ఉన్న చక్రంలో ఇది దాటితే రెంచితో తిప్పి సరిచేసి వెళ్లిపోవడం ప్రమాదకరమైన అలవాటు. దానంతట అది సర్దుకోవలసినది సర్దుకోలేదంటే అడ్జస్టరో, బ్రేకు షూలను విప్పార్చే ఎస్-కామ్ ఇరుసు బుషింగులో చెడిపోయాయని అర్థం. ముందు టైర్ల గాడి 4/32 అంగుళాల కంటే, మిగతావాటిది 2/32 కంటే తగ్గకూడదన్నది ఫెడరల్ నియమం. నేనైతే ముందు టైర్లను అంతవరకూ రానివ్వను. గాలి ట్యాంకుల్లో నీళ్లు తీయడం, గ్రీజు కొట్టడం, చక్రాల సీళ్లు చూడడం తెలిసిన సంగతులే.

ప్రతి మైలుకు 15 నుంచి 20 సెంట్లు వేరే ఖాతాలో వేస్తూ, అందులో 30,000 చేరేదాకా ఆపవద్దు. ఆ సొమ్ము ఉన్నవారికి ఇంజన్ విప్పాల్సి రావడం ఒక చెడ్డ నెల. లేనివారికి వ్యాపారం ముగింపు.

మరమ్మతుల రికార్డులను ఏడాది పాటు, బండి చెయ్యి మారాక మరో ఆరు నెలలు ఉంచాలని, వార్షిక తనిఖీ నివేదికను 14 నెలలు ఉంచాలని నియమాలున్నాయి. అంతకంటే ఎక్కువ కాలం ఉంచడం మీకే లాభం, అమ్మేరోజు మీ మాటకు సాక్ష్యం ఆ కాగితాలే.

కొత్తదానికీ పని ఉంటుంది

కొత్త ట్రక్కు కొన్నవారు నూనె మారిస్తే చాలనుకోవడం పొరపాటు. డీపీఎఫ్‌లో మసి కాలిపోతుంది గాని, నూనెలోని రసాయనాల బూడిద కాలదు. తయారీదారు చెప్పిన మైళ్లకు ఫిల్టర్‌ను తీయించి శుభ్రం చేయించాలి. గంటల కొద్దీ ఇంజన్‌ను ఊరికే తిప్పడం ఈ వ్యవస్థకు శత్రువు, ఎందుకంటే పొగ చల్లగా ఉంటే మసి కాలదు. రాత్రి నిద్రకు బ్యాటరీతో లేదా చిన్న ఇంజన్‌తో నడిచే ఏపీయూ (ప్రధాన ఇంజన్ ఆపినా ఏసీ, కరెంటు ఇచ్చే యూనిట్) పెట్టించుకోవడం వల్ల డీజిల్ మాత్రమే కాదు, ఫిల్టర్ కూడా మిగులుతుంది. డెఫ్ ద్రవం 32.5 శాతం యూరియా, మిగిలినది శుద్ధజలం. సున్నాకు దిగువన 11 డిగ్రీల సెల్సియస్ వద్ద గడ్డకడుతుంది, ఎండలో ఎక్కువకాలం ఉంచితే పాడవుతుంది. సీలు లేని డబ్బాలోంచి ఎవరు ఇచ్చినా పోయవద్దు. డాష్‌బోర్డుపై దీపం వెలిగితే లోడు దింపాక చూద్దామని వాయిదా వేయకండి. పొగ వ్యవస్థ లోపాన్ని పట్టించుకోకపోతే ఇంజన్ తన శక్తిని మెట్లుమెట్లుగా తగ్గించుకుంటుంది.

వారంటీ పత్రాన్ని బేరానికి ముందే చదవండి. ఇంజన్‌కు, గేరుబాక్సుకు, పొగ భాగాలకు వేర్వేరు ఏళ్లూ మైళ్లూ ఉంటాయి. వారంటీ మరమ్మతు ఉచితమే గాని, డీలర్ షాపులో వరుస కోసం వేచి ఉన్న రోజులకు ఎవరూ డబ్బివ్వరు. కాబట్టి మీరు తిరిగే దారిలో ఆ బ్రాండు డీలర్లు ఎంతమంది ఉన్నారు, సగటున ఎన్నాళ్లు నిలిపి ఉంచుతున్నారు అన్నది అక్కడి డ్రైవర్లనే అడిగి తెలుసుకోవడం, వడ్డీలో అర శాతం బేరమాడడం కంటే విలువైనది.

ఎప్పుడు వదిలించుకోవాలి

మరమ్మతు ఖర్చు బండి విలువను దాటితే అమ్మేయాలని ఒక లోకోక్తి ఉంది. నేను దాన్ని నమ్మను. 25,000 చేసే బండికి 30,000 పెట్టి ఇంజన్ కట్టిస్తే నష్టమా అన్నది, ఆ 30,000తో మీకు బయట ఎలాంటి బండి దొరుకుతుందన్న దానిమీద ఆధారపడుతుంది. మీ బండి ఫ్రేమ్, డిఫరెన్షియళ్లు, గేరుబాక్సు చరిత్ర మీకు తెలుసు. బయట దొరికేదాని చరిత్ర తెలియదు. ఇప్పటిదాకా ఎంత పెట్టారన్నది పక్కన పెట్టి, రాబోయే పన్నెండు నెలల్లో ఈ బండిపై ఎంత పడుతుందో, దాని బదులు కొన్న బండిపై తరుగుదలతో సహా ఎంత పడుతుందో రెండు వరుసలుగా రాసి చూడండి. ఫ్రేమ్ పగుళ్లు, క్యాబ్ అడుగున తుప్పు, ఎక్కడో వైరింగ్ తెగి రోజుకో దీపం వెలిగించే బండి, ఈ మూడూ విడిచిపెట్టాల్సిన గుర్తులు. కొత్తగా కొన్నదాన్ని ఐదేళ్లకు మించి ఉంచుకోదలచనివారు ఇంజన్ పొడిగింపు వారంటీ ముగియడానికి ఆరు నెలల ముందే, వారంటీ ఇంకా మిగిలి ఉందన్న మాటకు ధర పలికే సమయంలోనే అమ్మకానికి పెట్టాలి. ఉంచుకునేవారు వాయిదాలు ముగిసిన నెల నుంచి అదే 3,114 డాలర్లను మరమ్మతుల ఖాతాకు మళ్లిస్తే, పది నెలలలోపే ఇంజన్ కట్టించే సొమ్ము చేతిలో ఉంటుంది.